కొత్త 150-600 లెన్స్: పిట్ట కన్ను మసక, తోక స్పష్టం. లోపం లెన్స్‌దా, బాడీదా, గాలిదా?

అమలాపురం_కాలవగట్టు
అందరికీ నమస్కారమండి. సంక్రాంతికి కొత్త 150-600 మి.మీ. జూమ్ లెన్స్ తీసుకున్నాను. బాడీ, అంటే కెమెరా, క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్) డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే రకం). కంపెనీల పేర్లు కావాలనే రాయడం లేదు. లోపం ఎక్కడుందో తేలకుండా పేరు బయటపెడితే బాగుండదు.

మా ఇంటి వెనక కాలవ పక్కన ఎండుకొమ్మ మీద రోజూ ఒక లకుముకి పిట్ట వాలుతుంది. 600 దగ్గర తీస్తే కన్ను మసకగా వస్తోంది. తోక ఈకలు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. రొయ్యల చెరువు అవతలి గట్టు మీద నారాయణ పక్షి అనే కొంగను తీస్తే ఇంకో తంటా: ఫ్రేములో ఎక్కడా పదును లేదు, కొంగా లేదు, గడ్డీ లేదు. ఇక పొద్దున్నే మంచులో అయితే ఫోకస్ దొరకదు, లెన్స్ ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతూనే ఉంటుంది.

పాత కిట్ లెన్స్‌తో ఇదే బాడీ బాగానే పనిచేస్తోంది. షాపువాళ్లు మార్చి ఇచ్చే గడువు దగ్గర పడుతోంది, అదే టెన్షన్. దయచేసి దారి చెప్పండి.

యానాం_నావ
అన్నా, డీఎస్‌ఎల్‌ఆర్ అమ్మేసి అద్దం లేని మిర్రర్‌లెస్‌కి వచ్చెయ్. పిట్ట కన్ను అదే వెతికి పట్టుకుంటుంది. ఈ గొడవలేవీ ఉండవు.

రాజమండ్రి_పాతస్టూడియో
బాబూ, కొత్త లెన్స్ అంటే పెట్టె తీసి తగిలించగానే పనిచేయాలి. మసక వస్తే ఆలోచించకు, గడువులోపల మార్చేసుకో. 1985లో ఆటోఫోకస్ కెమెరా మినోల్టా 7000 వచ్చేదాకా మేమంతా స్ప్లిట్ ఇమేజ్ (వ్యూఫైండర్‌లో రెండు ముక్కలుగా కనిపించే బొమ్మ) కలుపుకుంటూ చేత్తో ఫోకస్ తిప్పినవాళ్లమే. పెళ్లిలో తలంబ్రాలు పోసే క్షణం రెండోసారి రాదు కదా, అయినా కన్ను తప్పేది కాదు. ఇన్ని వేలు పోసిన లెన్స్ ఎదురుగా కూర్చున్న పిట్టను పట్టుకోలేకపోతే ఆ పీసు మనకెందుకు?

తణుకు_స్క్రూడ్రైవర్
మాస్టారూ, మార్చుకోమనడం తప్పని కాదు. పరీక్షించకుండా మారిస్తే వచ్చే రెండో పీసు కూడా ఇలాగే ఉండొచ్చు, అప్పటికి గడువు అయిపోతుంది.

కాలవగట్టు గారూ, మీరు చెప్పినవి మూడూ ఒకే జబ్బు కాదు. దేనికది విడివిడిగా చూడాలి.

లకుముకి పిట్ట సంగతి: కన్ను మసక, దాని వెనకున్నది స్పష్టం. ఫోకస్ పడింది, కాకపోతే వెనక్కి పడింది. దీన్నే బ్యాక్ ఫోకస్ అంటాం. నారాయణ పక్షి సంగతి: ఫ్రేములో ఏ చోటా పదును లేదు. ఫోకస్ తప్పితే ముందో వెనకో ఏదో ఒకటి స్పష్టంగా ఉండాలి, గట్టు మీది గడ్డి అయినా సరే. ఏదీ లేదంటే చెయ్యి కదిలిందో, గాలి మరిగిందో. మంచులో లెన్స్ తిరుగుతూనే ఉండటం: ఎదురుగా పట్టుకోవడానికి గీత లేదు, వెలుగు చాలదు.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ ఎలా కుదురుతుందో ఒక్క ముక్క చెబుతాను, మిగతాదంతా దాంతోనే అర్థమవుతుంది. అద్దం మధ్యభాగం కొంత వెలుగును వెనక్కి వదులుతుంది. అక్కడున్న చిన్న అద్దం దాన్ని కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్ మీదికి పంపిస్తుంది. ఫొటో పడేది వెనకున్న అసలు సెన్సర్ మీద. ఈ రెండు దారుల పొడవూ సరిసమానంగా ఉండాలి. వెంట్రుకంత తేడా ఉన్నా కెమెరా 'కుదిరింది' అనుకున్న చోటు వేరు, నిజంగా కుదిరిన చోటు వేరు అవుతాయి. దీనికి లెన్స్ తయారీలో వచ్చే తేడా కూడా కలుస్తుంది. కిట్ లెన్స్‌తో బాగానే ఉందన్నారు. అందులో డెప్త్ (ముందూ వెనకా స్పష్టంగా పడే మేర) ఎక్కువ కాబట్టి ఉన్న తప్పు కూడా బయటపడదు. బాడీ తప్పు లేదని దాన్నిబట్టి చెప్పలేం.

లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూసి తీసేటప్పుడు) ఈ బాధ లేదు. అక్కడ ఫొటో తీసే సెన్సరే ఫోకస్ కూడా చూస్తుంది. కాబట్టి ముందు చేయాల్సింది ఇదే: ట్రైపాడ్ మీద పెట్టి, ఒకే వస్తువును ఒకసారి వ్యూఫైండర్‌తో, ఒకసారి లైవ్ వ్యూతో తీయండి. లైవ్ వ్యూ ఫొటో పదునుగా ఉండి వ్యూఫైండర్‌ది మసకగా ఉంటే గాజు బాగానే ఉన్నట్టు, సర్దుబాటే కావాలి. లైవ్ వ్యూలోనూ మసకే అయితే రాజమండ్రి మాస్టారి మాటే వినండి.

నరసాపురం_రేవు
నాకు ఒక సందేహం అండి. 600 దగ్గర డెప్త్ నిజంగా ఎంత ఉంటుంది? నేను 10 మీటర్ల దూరం నుంచి తీస్తే పిట్ట మొత్తం ఫోకస్‌లోకి రావాలి కదా?

తణుకు_స్క్రూడ్రైవర్
రాదు. 600 మి.మీ., ఎఫ్/6.3 (అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం, ఆ చివర పూర్తిగా తెరిస్తే అంతే), క్రాప్ సెన్సర్. 10 మీటర్ల దగ్గర ముందూ వెనకా కలిపి సుమారు 7 సెంటీమీటర్లు. 5 మీటర్ల దగ్గర 2 సెంటీమీటర్లు కూడా నిండవు. 20 మీటర్లయితే 28 దాకా వస్తుంది. తెల్లరొమ్ము లకుముకి పిట్ట ముక్కు నుంచి తోక దాకా ఒక అడుగుకి కాస్త తక్కువ. పిట్ట మీకు ఎదురుగా తిరిగి కూర్చుంటే 10 మీటర్ల దగ్గర కన్ను, తోక రెండూ పదునుగా రావడం కుదరదు. అందుకే పాయింట్ ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యం.

యానాం_నావ
అంటే దూరంగా ఉంటే డెప్త్ పెరుగుతుంది కాబట్టి బ్యాక్ ఫోకస్ కనిపించదన్నమాట. దూరం నుంచి తీసుకుంటే సరిపోతుంది కదా?

తణుకు_స్క్రూడ్రైవర్
చాలామంది ఇలాగే అనుకుంటారు, కానీ కాదు తమ్ముడూ. సెన్సర్ దగ్గర తేడా ఎంతో అంతే ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ డెప్త్ ఎంత పెరుగుతుందో, ఫోకస్ తప్పిపోయే దూరం కూడా అదే మోతాదులో పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర కన్ను వదిలి భుజం పట్టే లెన్స్, 50 మీటర్ల దగ్గర పిట్టను వదిలి దాని వెనక పొదను పట్టుకుంటుంది.

భీమవరం_గూడబాతు
కాలవగట్టు గారూ, పరీక్ష పెట్టేటప్పుడు ట్యూబ్‌లైట్ కింద పెట్టకండి. వెలుగు రంగును బట్టి కూడా ఫోకస్ కాస్త అటూ ఇటూ అవుతుంది. మనం తీసేది ఎండలో కాబట్టి ఎండలోనే చూడాలి. అలాగని మధ్యాహ్నం కాదు, పొద్దున మంచు విడిపోయాక ఎనిమిది, తొమ్మిది మధ్యలో.

నేను చేసే పద్ధతి ఇది. గోడకి న్యూస్‌పేపర్ ఒకటి చదునుగా, ముడత లేకుండా అంటిస్తాను. దాని పక్కనే ఒక చెక్క పలకకి టైలర్ టేపు పిన్నులతో బిగించి, ఏటవాలుగా ఆనిస్తాను. టేపు మధ్య అంకె పేపరుతో సమానమైన దూరంలో ఉండాలి, పై అంకెలు వెనక్కి, కింది అంకెలు ముందుకి పోవాలి. ఫోకస్ పాయింట్ పేపరు మీద, చూసేది టేపు మీద. చాలామంది వాలుగా ఉన్న టేపు మీదే పాయింట్ పెడతారు. బయటికి కనిపించే చదరం కన్నా లోపలి సెన్సర్ పెద్దది, అది టేపు మీద ఏ అంకెను పట్టుకుందో మనకి తెలీదు.

దూరం ఫోకల్ లెంగ్త్‌కి (జూమ్ మీది మి.మీ. అంకెకి) 25 రెట్లైనా ఉండాలి. 600కి అది 15 మీటర్లు, అంటే మన డాబా మీద చాలదు, వీధిలోకి రావాలి. మధ్య పాయింట్ ఒక్కటే, సింగిల్ ఫోకస్ మోడ్, అపర్చర్ పూర్తిగా తెరిచి, టైమర్‌తో. ట్రైపాడ్ మీద గట్టిగా బిగించి స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసేది) ఆపేయండి. ప్రతి ఫొటోకి ముందు లెన్స్‌ను చేత్తో ఒకసారి దగ్గరికి, ఒకసారి ఇన్ఫినిటీకి తిప్పి వదలండి, లేకపోతే అది ఉన్నచోటే ఉండి 'కుదిరింది' అంటుంది. ఒక్క ఫొటో చూసి తీర్పు చెప్పొద్దు. వరసగా తీస్తే అన్నీ ఒకే వైపు తప్పుతున్నాయా, ఒకటి ముందుకి ఒకటి వెనక్కా అన్నది తెలుస్తుంది. ఒకే వైపు అయితే సర్దుకోవచ్చు. ఇష్టం వచ్చినట్టు పడుతుంటే ఏ అంకె పెట్టినా ఉపయోగం లేదు.

తణుకు_స్క్రూడ్రైవర్
గూడబాతు మేడమ్ చెప్పింది అక్షరాలా పాటించండి. ఇంకొకటి కలుపుతాను. పెంకుటింటి కప్పో ఇటుక గోడో తీసి నాలుగు మూలలూ చూడండి. ఒక పక్క పదును, రెండో పక్క మసక అయితే లోపలి గాజు వాలినట్టు. దాన్ని ఏ సర్దుబాటూ బాగుచేయలేదు, అప్పుడు మార్చుకోవడమే.

లెన్స్ ముందు చవకరకం యూవీ ఫిల్టర్ ఉంటే ముందు అది తీసేయండి. చిన్న లెన్స్‌కి పెద్దగా తేడా తెలీదు గానీ 600 దగ్గర ఫొటోని పాడుచేస్తుంది.

అమలాపురం_కాలవగట్టు
అందరికీ చాలా థాంక్స్ అండి. ఆదివారం పొద్దున మా వీధిలో పేపరు, టేపు పెట్టి కూర్చున్నాను. పిల్లలంతా చుట్టూ చేరారు, వాళ్లే టేపు పట్టుకున్నారు.

లైవ్ వ్యూలో పేపరు మీది చిన్న ప్రకటనలు కూడా చదవొచ్చు, అంత బాగుంది. వ్యూఫైండర్‌తో తీస్తే 600 దగ్గర పదును వెనక్కి పోతోంది. టేపు మీద మధ్య అంకె 75 పెట్టాను. 75 దగ్గర గీతలు కలిసిపోయి ఉన్నాయి, 90 దగ్గర సన్నగా విడివిడిగా ఉన్నాయి. ప్రతిసారీ అదే వైపు. 400 దగ్గర తేడా ఉంది గానీ తక్కువ. 150 దగ్గర అసలు లేదు. ఇటుక గోడ నాలుగు మూలలూ సమానంగానే ఉన్నాయి.

ఇప్పుడు బాడీలో ఫైన్ ట్యూన్ (ఫోకస్‌ని ముందుకో వెనక్కో జరిపే అంకె) పెట్టాలా? ప్లస్సా మైనస్సా?

తణుకు_స్క్రూడ్రైవర్
మూలలు సమానం, లైవ్ వ్యూ పదును, తప్పు ఒకే వైపు. ఈ లెన్స్ ఉంచుకోదగ్గదే.

నికాన్‌లోనూ కెనాన్‌లోనూ ఈ సర్దుబాటు మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా ఉంటుంది. పదును వెనక్కి పోతుంటే దాన్ని కెమెరా వైపు లాగాలి, అంటే మైనస్. మైనస్ 5తో మొదలుపెట్టి చూసుకుంటూ వెళ్లండి. చివరి అంకెల దాకా వెళ్లినా కుదరకపోతే సర్వీస్‌కి ఇవ్వాలి.

మీ లెన్స్‌లో జూమ్‌ని బట్టి తేడా మారుతోంది. చాలా నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో లెన్స్‌కి ఒకటే అంకె. కెనాన్‌లో కొన్ని బాడీలు జూమ్ రెండు చివర్లకీ వేరువేరు అంకెలు తీసుకుంటాయి. 600కి సరిపోయే అంకె 150కి సరిపోదు, 150ని బాగుంచితే 600 పోతుంది. దీనికే సిగ్మావాళ్లు యూఎస్‌బీ డాక్, టామ్రాన్‌వాళ్లు ట్యాప్-ఇన్ కన్సోల్ ఇస్తారు. లెన్స్‌ని కంప్యూటర్‌కి తగిలించి లెన్స్‌లోపలే అంకెలు రాయొచ్చు. సిగ్మా డాక్‌లో జూమ్ లెన్స్‌కి నాలుగు ఫోకల్ లెంగ్త్‌లు, ఒక్కోదానికి నాలుగు దూరాలు, మొత్తం 16 గళ్లు. ఓపిక కావాలి, ఒక రోజు పడుతుంది. ముందు లెన్స్ ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి ఆ తర్వాతే అంకెలు ముట్టుకోండి. మీరు పిట్టలే తీస్తారు కాబట్టి 600, 400 గళ్ల మీదే సమయం పెట్టండి.

రాజమండ్రి_పాతస్టూడియో
నా అభిప్రాయం నాదే బాబూ. డబ్బు పెట్టి కొన్నవాడు పదహారు గళ్లు నింపుకోవాలా? ఆ పని ఫ్యాక్టరీలో జరగాలి. కానీ మూలలు సమానంగా ఉన్న పీసు దొరికిందంటే మంచిదే, దాన్ని వదిలేసి తెలియని పీసు తెచ్చుకోమని ఇప్పుడు నేను అనను. ఉంచుకో.

కోరింగ_పోటుపాటు
ఆలస్యంగా చూశాను. బ్యాక్ ఫోకస్ సంగతి తేలింది, సంతోషం. కానీ ఆ రొయ్యల చెరువు ఫొటో సంగతి ఎవరూ తేల్చలేదు. మన డెల్టాలో ఎక్కువ ఫొటోలు పోయేది దానివల్లే.

కాలవగట్టు గారూ, ఆ ఫొటో ఎన్ని గంటలకి తీశారు? చెరువు గట్టు నల్లమట్టా, సిమెంటా?

అమలాపురం_కాలవగట్టు
పదకొండు దాటిందండి. మట్టి గట్టే, పక్కన ఎండిన వరి మోళ్లు. నుంచున్న చోటు నుంచి కొంగ దాకా 80 మీటర్లు పైనే ఉంటుంది. షటర్ 1/1600 సెకను, చెయ్యి కదిలే అవకాశం తక్కువ.

కోరింగ_పోటుపాటు
అయితే అది గాలే. ఎండకి గట్టు వేడెక్కుతుంది, నీళ్ల మీది గాలి చల్లగా ఉంటుంది. ఆ రెండూ కలిసేచోట వెలుగు వంగుతూ వస్తుంది. చలికాలంలో కూడా ఇది ఉంటుంది, గాలి చల్లగా ఉండి నేల వేడెక్కితే చాలు. 80 మీటర్ల అలాంటి గాలిలోంచి తీస్తే ఎంత ఖరీదైన లెన్స్ అయినా అంతే.

నమ్మకం కుదరాలంటే ఇలా చేయండి. అదే గట్టు మీద కెమెరాని ట్రైపాడ్‌కి బిగించి, లైవ్ వ్యూలో అవతలి గట్టు మీది కొబ్బరి మొదలు మీద పూర్తిగా జూమ్ చేసి చూస్తూ ఉండండి. మొదలు అంచు నిలకడగా ఉండదు. పాకుతున్నట్టు, ఉబ్బుతున్నట్టు, సన్నమవుతున్నట్టు కనిపిస్తుంది. ఒక్కో క్షణం బెరడు గీతలు టక్కున కనిపించి మళ్లీ కరిగిపోతాయి. కెమెరా ఆ కదులుతున్న అంచునే పట్టుకోవాలని చూస్తుంది, అందుకే ఒక ఫొటో ముందుకి, ఒకటి వెనక్కి పడతాయి. పొద్దున ఏడున్నరకి అదే కొబ్బరి మొదలు చూడండి, బొమ్మ గీసినట్టు నిలబడి ఉంటుంది.

ఇలాంటి గాలిలో తీసిన ఫొటోలు చూసి ఫైన్ ట్యూన్ అంకె మార్చినవాళ్లను చాలామందిని చూశాను. ఇవాళ మైనస్ 8, రేపు ప్లస్ 4, ఎల్లుండి లెన్స్ అమ్మకానికి. నాకు బాధ అనిపించేది అక్కడే. మంచి లెన్స్‌లు చేతులు మారిపోతుంటాయి.

కారు ఏసీలోంచి తీసిన లెన్స్ వెంటనే వాడకండి. మన దగ్గర గాలిలో ఎప్పుడూ తేమే, చల్లటి గాజు మీద ఆవిరి పడుతుంది. హుడ్ లోపలి గాలికీ బయటి గాలికీ తేడా ఉన్నంతసేపు ఫొటో మెత్తగానే వస్తుంది. చొల్లంగి దాటగానే నేను ఏసీ ఆపేసి అద్దాలు దించేస్తాను, బ్యాగు జిప్పు మాత్రం తీయను.

భీమవరం_గూడబాతు
నూటికి నూరుపాళ్లు నిజం. కొల్లేరు ఆటపాకలో గూడబాతులు పొద్దున పడవ దగ్గరికి వచ్చినప్పుడు ఈక ఈకా వస్తుంది. పదిన్నర తర్వాత దూరంగా ఉన్నవాటిని తీయడమే మానేశాను. అప్పుడు దగ్గరగా ఉన్నవాటికే పని.

నరసాపురం_రేవు
కోరింగ మడ అడవుల్లో నాకు ఇంకో ఇబ్బంది. పిట్ట కొమ్మల మధ్యలో ఉంటుంది, కెమెరా ఎప్పుడూ ముందున్న కొమ్మనే పట్టుకుంటుంది.

కోరింగ_పోటుపాటు
గ్రూప్ ఏరియా మోడ్‌లో (కొన్ని పాయింట్లు కలిపి వాడేది) ఉంటే అది దగ్గరున్నదాన్నే పట్టుకుంటుంది, దాని పద్ధతే అంత. మడ చెట్ల మధ్య ఒక్క పాయింట్ పెట్టండి. ఫోకస్‌ని షటర్ బటన్ నుంచి తీసేసి వెనక బటన్‌కి మార్చుకోండి. ఒకసారి కన్ను దొరికాక బొటనవేలు తీసేస్తే ఎన్ని కొమ్మలు అడ్డొచ్చినా లెన్స్ కదలదు. పిట్ట కదిలితే మళ్లీ నొక్కండి.

తెల్ల కొంగకైతే ఒంటి మీద పాయింట్ పెట్టొద్దు. అంతా తెలుపే, పట్టుకోవడానికి గీత ఉండదు. మెడ అంచు మీదో, కన్ను ముక్కు కలిసేచోటో పెట్టాలి. లెన్స్ మీద దూరం స్విచ్ ఉంటుంది చూడండి, 10 మీటర్ల నుంచి ఇన్ఫినిటీ అని. పడవలో ఉన్నప్పుడు అటు పెట్టేస్తే లెన్స్ వృథాగా దగ్గరికి వెతకదు. చెక్క దారి మీద నడుస్తున్నప్పుడు మాత్రం ఫుల్‌కి మార్చాలి, ఎండ్రకాయలు కాళ్ల దగ్గరే ఉంటాయి.

ఆ చెక్క దారి మీద ట్రైపాడ్ పెడితే పక్కన ఎవరు నడిచినా అదురుతుంది. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) మేలు. పాటు (సముద్రపు నీళ్లు వెనక్కి తీసే) సమయం కనుక్కుని వెళ్తే బురద బయటపడి ఉంటుంది, ఉల్లంకులు దగ్గరికి దిగుతాయి.

తణుకు_స్క్రూడ్రైవర్
మంచులో లెన్స్ తిరుగుతూ ఉండటం గురించి కూడా చెప్పేస్తాను. చాలా డీఎస్‌ఎల్‌ఆర్‌ల ఫోకస్ సెన్సర్లు ఎఫ్/5.6 లెక్కన తయారైనవి. 600 దగ్గర ఈ లెన్స్ ఎఫ్/6.3, అంటే అంతకన్నా తక్కువ వెలుగు. మంచులో వెలుగూ తక్కువే, కాంట్రాస్టూ తక్కువే. మధ్య పాయింట్ వాడండి, అది క్రాస్ టైప్, నిలువు గీతనీ అడ్డ గీతనీ రెండిటినీ పట్టుకుంటుంది. అంచు పాయింట్లు చాలావరకు ఒకే దిక్కు గీతను చూస్తాయి. అయినా దొరకకపోతే జూమ్ తగ్గించి చూడండి.

యానాం_నావ
నా మొదటి మాటకి కొంచెం కలపాలి. మిర్రర్‌లెస్‌లో సెన్సరే ఫోకస్ చూస్తుంది కాబట్టి ఈ టేపు పరీక్ష అవసరం దాదాపు రాదు, అది నిజం. కానీ పోటుపాటు అన్న చెప్పిన వేడిగాలి నాకూ ఉంది, ముందు కొమ్మల బాధా ఉంది. అడ్డ గీతలు మాత్రమే ఉన్నచోట, అంటే అలల మీదా తీగల మీదా, మా బాడీ కూడా తడబడుతుంది. కెమెరాని కాస్త వంచితే పట్టుకుంటుంది.

అమలాపురం_కాలవగట్టు
డాక్ తెప్పించి చేశానండి. 600 దగ్గర దూరపు గడిలో మైనస్ 9, 400 దగ్గర మైనస్ 4 దగ్గర కుదిరింది, 150 ముట్టుకోలేదు. ఈ పొద్దున అదే కొమ్మ మీద లకుముకి పిట్ట. కంటిలో ఆకాశం, కొబ్బరాకుల నీడ కనిపిస్తున్నాయి. ముక్కు మీద ఎండిన బురద గీత కూడా వచ్చింది. ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను.

కొబ్బరి మొదలు పరీక్ష కూడా చేశాను. పదకొండింటికి మొదలు నిజంగానే పాకుతోంది. ఆ ఫొటోలు చూసి లెన్స్ వెనక్కి ఇచ్చేద్దామనుకున్నాను. మీరంతా ఆపారు. లెన్స్ ఉంచుకుంటున్నాను.

నరసాపురం_రేవు
కంగ్రాట్స్ అండి. నా బాడీ ఎంట్రీ లెవెల్, మెనూలో ఫైన్ ట్యూన్ అనేదే లేదు. నాకు దారి ఉందా? ఇంకొకటి, వానాకాలంలో లెన్స్‌ని బియ్యం డబ్బాలో పెట్టమని మా మావయ్య అంటున్నాడు, పెట్టొచ్చా?

తణుకు_స్క్రూడ్రైవర్
బాడీలో లేకపోయినా డాక్ పనిచేసే లెన్స్ అయితే లెన్స్‌లోనే సర్దుకోవచ్చు, మీలాంటివాళ్లకే అది ఎక్కువ ఉపయోగం. డాక్ లేని లెన్స్ అయితే కదలని పిట్టలకి లైవ్ వ్యూ వాడండి. లేదా బాడీ, లెన్స్ రెండూ కలిపి సర్వీస్‌కి ఇవ్వండి, ఒక్కటే ఇస్తే రెండోదానితో కుదరదు.

బియ్యం వద్దు, పిండి దుమ్ము జూమ్ సందుల్లోకి పోతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు. మీటరు 40, 50 శాతం మధ్య ఉండాలి. 60 దాటి వారాల తరబడి ఉంటే బూజు పడుతుంది. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగాయంటే బాణలిలో సన్నసెగ మీద వేడిచేసి, పూర్తిగా చల్లారాక మళ్లీ వేయండి. ఆ బాణలి మళ్లీ వంటకి వాడొద్దని ఇంట్లో చెప్పండి.